ఆఫీసు ఈపీఏబీఎక్స్‌కు ఇంట్లో వాడే మామూలు ఫోన్లు కలపవచ్చా?

ప్రశ్న:
నమస్కారం. మా ఆఫీసులో ఎనిమిదేళ్ల కిందట అమర్చిన ఈపీఏబీఎక్స్, అంటే ఆఫీసు ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతోనూ కలిపే పెట్టె ఉంది. దానితో వచ్చిన పన్నెండు డిజిటల్ ఫోన్లలో నాలుగు పాడైపోయాయి, ఆ మోడల్ ఇప్పుడు తయారు కావడం లేదు. మా దగ్గర మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్లు కొన్ని ఖాళీగా ఉండడంతో, ఒకదాన్ని పాడైన డిజిటల్ ఫోన్ సాకెట్‌లో పెట్టి చూశాను. ప్లగ్ చక్కగా పట్టింది గాని డయల్ టోన్ రాలేదు. అదే ఫోన్‌ను స్టోర్ గదిలోని సాకెట్‌లో పెడితే టోన్ వచ్చింది, కాల్స్ కూడా వెళ్తున్నాయి. అయితే వచ్చిన కాల్‌ను మరొక ఎక్స్‌టెన్షన్‌కు బదిలీ చేయడానికి ఫ్లాష్ బటన్ నొక్కిన ప్రతిసారీ ఆ కాల్ తెగిపోతోంది. లోపం ఫోన్‌లో ఉందా, ఈపీఏబీఎక్స్‌లో ఉందా?

సమాధానం 1:
ముందుగా ఒక విన్నపం: ఏ తీగ పెట్టెలోని ఏ పోర్టుకు (తీగ కలిపే చోటుకు) వెళ్తోందో తెలుసుకునే వరకు దయచేసి ఫోన్లను సాకెట్లు మార్చి చూడకండి. గోడ మీద సాకెట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి గాని, వాటి వెనుక పెట్టెలో ఉన్న కార్డులు వేరు. డిజిటల్ పోర్టు తన కంపెనీ ఫోన్‌తో డేటా రూపంలో మాట్లాడుతుంది కాబట్టి మామూలు ఫోన్‌కు అందులో టోన్ వినిపించదు. మామూలు ఫోన్ల కోసం ఉండే అనలాగ్ పోర్టు, అంటే సాంకేతిక నిపుణులు ఎస్‌ఎల్‌టీ పోర్టు అనేది, రెండు తీగల మీద డీసీ విద్యుత్తు ఇస్తుంది. రిసీవర్ ఎత్తగానే ఆ తీగల్లో ప్రవాహం మొదలవుతుంది, దాన్ని గమనించి వ్యవస్థ టోన్ పంపుతుంది. మీ స్టోర్ గది సాకెట్ ఇలాంటి పోర్టుకే వెళ్తున్నట్టుంది. రెండు రకాల ఫోన్లనూ అంగీకరించే హైబ్రిడ్ పోర్టులు కొన్ని వ్యవస్థల్లో ఉంటాయి గాని, మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఆ కోవకు చెందినది కాదు.

బయటి నుంచి వచ్చే టెలిఫోన్ లైనును మాత్రం పొరపాటున కూడా ఎక్స్‌టెన్షన్ పోర్టుకు కలపకూడదు. రింగ్ వచ్చినప్పుడు ఆ లైనులో దాదాపు 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది. కార్డు కాలిపోవడానికి అది చాలు.

సమాధానం 2:
ఫ్లాష్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇదే ఇబ్బందితో మేమూ చాలా రోజులు బాధపడ్డాము. ఫ్లాష్ నొక్కినప్పుడు ఫోన్ చేసే పని లైనును క్షణంలో కొంత భాగం తెంపి మళ్లీ కలపడమే. ఆ విరామం మరీ చిన్నదైతే వ్యవస్థ దాన్ని పట్టించుకోదు, పరిమితి దాటితే మీరు ఫోన్ పెట్టేశారని భావించి కాల్ ముగిస్తుంది. మీకు జరుగుతున్నది ఈ రెండవదే. కొన్ని దేశాల ఫోన్లలో ఈ విరామం దాదాపు 100 మిల్లీసెకన్లు, మరికొన్నింటిలో 600 వరకు ఉంటుంది. ఫోన్ అడుగున గాని మెనూలో గాని దీన్ని మార్చే వీలు ఉందేమో చూడండి. లేకపోతే ఈపీఏబీఎక్స్ ప్రోగ్రామింగ్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ ఫ్లాష్ గరిష్ఠ పరిమితిని పెంచవచ్చు. అయితే దాన్ని మరీ పెంచితే, ఒక కాల్ ముగించి వెంటనే రిసీవర్ ఎత్తినవారి చర్యను కూడా వ్యవస్థ ఫ్లాష్‌గానే తీసుకుంటుంది, ముగిసిందనుకున్న పాత కాల్ హోల్డ్‌లో మిగిలిపోతుంది. అందుకే నేనైతే ముందు ఫోన్‌లోనే మారుస్తాను.

టోన్, పల్స్ అని మీట ఉంటే దాన్ని టోన్ వైపే ఉంచండి. పల్స్‌లో స్టార్, హ్యాష్ గుర్తులు వెళ్లవు కాబట్టి వాటితో మొదలయ్యే కోడ్‌లు పనిచేయవు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫోన్ అడుగున 100, 300, 600 అని మూడు స్థానాల మీట ఉంది, అది 600 దగ్గర ఉంది. 100కు మార్చితే ఏమీ జరగలేదు, 300 దగ్గర పెట్టగానే బదిలీ చక్కగా జరిగింది. పెట్టె తెరిపించి చూస్తే మరో మూడు అనలాగ్ పోర్టులు ఖాళీగా ఉన్నాయి. ఇక నాలుగు డిజిటల్ ఫోన్ల స్థానంలోనూ మామూలువే పెట్టవచ్చా?

సమాధానం 3:
పెట్టవచ్చు, కానీ రిసెప్షన్‌లో వద్దు. అక్కడ కూర్చునేవారికి ఏ లైను ఖాళీగా ఉందో, ఎవరు మాట్లాడుతున్నారో దీపాలతో కనిపించాలి. మామూలు ఫోన్‌లో ఆ సౌకర్యం ఉండదు, ప్రతిదానికీ కోడ్ గుర్తుపెట్టుకోవాలి. కాబట్టి పనిచేస్తున్న డిజిటల్ ఫోన్లను కాల్స్ ఎక్కువగా వచ్చే బల్లల మీదికి జరిపి, స్టోర్, సమావేశ గది, ప్రవేశద్వారం వంటి చోట్లకు మామూలువి ఇవ్వండి.

మామూలు ఫోన్‌కు ఇంకొక విలువ ఉంది, దాన్ని చాలామంది మరచిపోతారు. బయటి లైన్లు అనలాగ్‌వి అయితే, చాలా ఈపీఏబీఎక్స్‌లలో కరెంటు పోయినప్పుడు ఒక బయటి లైను నేరుగా ఒక నిర్ణీత ఎక్స్‌టెన్షన్ పోర్టుకు కలిసే ఏర్పాటు ఉంటుంది. ఆ సమయంలో పనిచేసేది లైను విద్యుత్తుతోనే నడిచే తీగ ఫోన్ మాత్రమే. కార్డ్‌లెస్ ఫోన్ బేస్‌కు కరెంటు కావాలి కాబట్టి అది పనికిరాదు. ఆపదలో సహాయం కోసం పిలవవలసి వస్తే దారి అదే. మీ మాన్యువల్‌లో ఆ పోర్టు ఏదో చూసి, అక్కడ తప్పక ఒక మామూలు ఫోన్ ఉంచండి, ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు యూపీఎస్‌తో సహా విద్యుత్తు ఆపి అందులో బయటి డయల్ టోన్ వస్తోందో లేదో ఒకసారి విని చూడండి.