వరదలో డ్రోన్‌తో తీసిన వీడియోలు ఎవరికి ఇస్తే పని జరుగుతుంది?

రాజోలు_డ్రోన్:

అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమలో రాజోలు వైపు, గోదావరి వశిష్ఠ పాయ పక్కన. పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి డ్రోన్ తిప్పుతాను, సర్టిఫికెట్ ఉంది. గోదావరి పెరిగినప్పుడల్లా ఏదో ఒక ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, డ్రోన్ పట్టుకుని ఒకసారి గట్టు మీదికి రమ్మని. వెళ్తాను, తీస్తాను, డబ్బులు అడగను, మన ఊళ్ల సంగతే కదా. చిక్కంతా ఆ తర్వాతే. రెవెన్యూ వాళ్లకి పంపింది ఇరిగేషన్ వాళ్లకి తెలీదు, ఇరిగేషన్ వాళ్లకి పంపింది పడవలు చూసే మత్స్యశాఖకి చేరదు, పోలీసుల గ్రూపు వేరు, పంచాయతీ గ్రూపు వేరు. ఒకసారి లంకలో కొబ్బరితోట మధ్య మెరక మీద కొన్ని కుటుంబాలు పశువులతో సహా ఆగిపోతే స్పష్టంగా తీసి ఒక ఆఫీసుకి పంపాను. సాయంత్రం దాకా పడవ వెళ్లలేదు. కనుక్కుంటే, వీడియో అందరూ చూశారు కానీ అది ఏ రేవుకి దగ్గరో అక్కడ ఎవరికీ తెలియలేదట. మర్నాడు ఇంకో ఆఫీసు నుంచి ఫోన్, అదే చోటు మళ్లీ తీసి పంపమని! ఆ రాత్రంతా వాళ్లు నీళ్ల మధ్యే ఉన్నారన్న సంగతి ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

ఇంతకీ అడిగేది ఏంటంటే, పైనుంచి తీసిన ఫొటో ఒకటి ఉంటే అన్ని శాఖలూ దాన్నే చూసి పని పంచుకునే పద్ధతి మన దగ్గర ఉందా, ఉంటే నేను ఎవరిని కలవాలి? శాటిలైట్లు ఉండగా డ్రోన్ ఎందుకని కూడా కొందరు అంటున్నారు, అది నిజమేనా? నీళ్లు రాకముందే ఏదో ఒకటి కుదుర్చుకోవాలి. వచ్చాక ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.

పాత_హెడ్‌వర్క్స్:

బాబూ, నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాను. మంచి ప్రశ్న అడిగావు. తుపాను సంగతి వేరు గానీ గోదావరి మనకి చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి అటూ ఇటూగా ఒక రోజు పడుతుంది. ఇక్కడ బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులు అయితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులు, 13 లక్షలకి రెండోది, 17.75 అడుగులు, 17 లక్షలకి మూడోది. 2022 జులైలో భద్రాచలం 71.3 అడుగులు తాకింది, ధవళేశ్వరంలో 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో అయితే అక్కడ 75.6, ఇక్కడ 35 లక్షల పైమాటే. అంత పెద్ద వరదకి కూడా కొంత వ్యవధి దొరుకుతుంది, ఆ వ్యవధిలో డ్రోన్లు నేల మీదే ఉంటున్నాయి. నీళ్లు నిండాక అందరూ ఎగరేస్తారు, అప్పుడు కనపడేదంతా ఎర్రనీళ్లే.

నన్నడిగితే ఏటిగట్టుని ఎండాకాలంలోనే ఒకసారి మొత్తం తీసి దాచుకోవాలి. గట్టు ఎక్కడ కుంగింది, ఎక్కడ ట్రాక్టర్లు దిగడానికి కోసేశారు, ఏ స్లూయిస్ (తూము) తలుపు సరిగా పడటం లేదు, ఇవన్నీ అప్పుడే కనపడతాయి. వరదలో మళ్లీ అదే దారిలో తీస్తే తేడా ఏంటో ఏఈకి, అంటే గట్టు చూసే అసిస్టెంట్ ఇంజనీరుకి, చిటికెలో తెలుస్తుంది.

ఇంకో మాట, తీసేటప్పుడు కెమెరాని ఏటి వైపే తిప్పకు. ఊరి వైపు గట్టు అడుగు చూడు. అక్కడ ఎక్కడైనా నీరు ఊరుతుంటే కిందికి దించి దగ్గరగా తియ్యి, రంగు తెలియాలి. తేటనీరు ఊరితే కాపలా పెట్టి చూసుకుంటారు. బురదనీరు వస్తోందంటే మాత్రం గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, బుంగ పెద్దదై గండి పడటానికి ఎంతోసేపు పట్టదు. అలాంటి చోట బుంగని మూసేయాలని చూడరు, మూస్తే నీరు పక్కనుంచి తన్నుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలతో రింగులా కట్టి లోపల నీటిని లేపుతారు, అప్పుడు పైనుంచి ఒత్తిడి పెరిగి ఊట నెమ్మదిస్తుంది, మట్టి రావడం ఆగుతుంది. ఆ నాలుగు సెకన్ల క్లిప్పు సరైన మనిషికి అరగంటలో అందితే గట్టు నిలుస్తుంది. పది గ్రూపుల్లో తిరిగి తిరిగి సాయంత్రానికి అందితే దేనికీ పనికిరాదు.

మ్యాపుల_పని:

నేను అమలాపురం పిల్లాడినే, ఇప్పుడు హైదరాబాద్‌లో మ్యాపుల పనిలో ఉన్నా. ముందు శాటిలైట్ సంగతి చెప్తా అన్నా. వానాకాలం వరదలో మామూలు కెమెరా శాటిలైట్‌కి మబ్బు తప్ప ఏమీ కనపడదు. రాడార్ శాటిలైట్లు అయితే మబ్బులోంచి, చీకట్లో కూడా చూస్తాయి. ఇస్రో 2022 ఫిబ్రవరి 14న పంపిన ఈఓఎస్-04 అలాంటిదే, యూరప్ వాళ్ల సెంటినెల్-1 డేటా కూడా ఉచితంగా దొరుకుతుంది. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాటి నుంచి ముంపు మ్యాపులు చేసి ప్రభుత్వాలకి పంపుతుంది, భువన్ అనే ఇస్రో మ్యాపుల వెబ్‌సైట్‌లో పెడుతుంది. జిల్లా మొత్తం మీద నీళ్లు ఎంత దూరం పాకాయో తెలియాలంటే దానికి మించింది లేదు.

కానీ మన డెల్టాలో దానికి రెండు ఇబ్బందులు. కదలని నీరు రాడార్‌కి నల్లగా కనపడుతుంది, దాన్నిబట్టే ముంపు అనుకుంటారు. జులై, ఆగస్టుల్లో మన చేలల్లో నాట్ల కోసం నీరు పెట్టే ఉంటుంది, రొయ్యల చెరువులు సరేసరి. అవీ నల్లగానే కనపడతాయి. వరదకి ముందు తీసినదాన్ని పక్కన పెట్టి తేడా చూస్తారు నిజమే, ఈలోగా పొలం దమ్ము చేసి నీళ్లు పెడితే అదీ వరద కిందకే వస్తుంది. కొబ్బరితోటల్లో దీనికి రివర్స్, ఉన్న నీరే కనపడదు. సెంటినెల్, ఈఓఎస్-04 వాడే తరంగం సుమారు అయిదున్నర సెంటీమీటర్లు, అది మట్టల దగ్గరే తిరిగి వచ్చేస్తుంది, చెట్ల కింద నడుం లోతు నీళ్లున్నా తోట మామూలు తోటలానే ఉంటుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్‌లో 24 సెంటీమీటర్ల తరంగం ఉంది కాబట్టి చెట్ల కింద నీరు మెరుగ్గా తెలిసే అవకాశం ఉంది, అయితే అది ఒకే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు. మీరు తీసిన ఆ తోటలోని కుటుంబాలు ఏ శాటిలైట్‌కీ కనపడేవాళ్లు కారు. కాబట్టి డ్రోన్ ఎందుకన్నవాళ్ల మాట పట్టించుకోకండి.

ఇక మీ అసలు ప్రశ్న. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లాలో అన్ని శాఖల్నీ కలిపే అధికారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థది, దానికి అధ్యక్షులు కలెక్టర్ గారు. 2010లో ఎన్‌డీఎంఏ, అంటే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, ఇచ్చిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ (విపత్తులో ఎవరు ఏ పని చూడాలో చెప్పే పద్ధతి) మార్గదర్శకాల్లో ప్లానింగ్ సెక్షన్ అని ఒకటి, అందులో సిట్యుయేషన్ యూనిట్ అని ఒకటి ఉంటాయి. ఫొటోలు, మ్యాపులు, ఫీల్డ్ నుంచి వచ్చే కబుర్లు అన్నీ ఒక్కచోట చేర్చి ఇప్పుడు పరిస్థితి ఇదీ అని మిగతావాళ్లకి చెప్పడమే దాని పని. అంటే మీరు వెతుకుతున్న కుర్చీ కాగితం మీద ఉంది. మీ డివిజన్‌లో ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఇప్పుడే అడిగి ఆ మనిషి పేరు రాసుకోండి. ఏ శాఖ పిలిచినా సరే, వీడియో ముందు ఆ బల్ల మీదికే వెళ్లాలి, అక్కడి నుంచే మిగతా శాఖలకి.

పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు, లొకేషన్ వివరం చెరిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. పొడుగు వీడియో కంటే నిట్టనిలువుగా కిందికి తీసిన ఫొటోలు మేలు, మ్యాపు మీద సరిగ్గా కూర్చుంటాయి. కాకపోతే ఫొటోలన్నీ అతికించి ఒకే పెద్ద మ్యాపు చేద్దామని వరద మధ్యలో కష్టపడకండి. పారే నీటిలో గుర్తుపట్టే ఆనవాళ్లు ఉండవు, సాఫ్ట్‌వేర్ అతికించలేదు. గట్లు, రోడ్లు, ఇళ్లు ఉన్నచోట మాత్రమే అది కుదురుతుంది.

లంక_సచివాలయం:

అన్నా, నేను లంక గ్రామాల దగ్గర సచివాలయంలో చేస్తున్నాను. పైవాళ్లు చెప్పింది అంతా కరెక్టే, మా వైపు నుంచి ఒకటి కలుపుతాను. మ్యాపులో ఊరి పేరు ఉంటుంది గానీ వరదలో ఊరి పేరుతో పని జరగదు. ఊడిమూడిలంక అన్నారనుకోండి, పడవ ఏ రేవులో వేయాలి, దిగాక ఏ పుంత పట్టుకుని వెళ్లాలి, ఆ పుంతలో కరెంటు తీగ నీళ్ల మీదికి ఎంత కిందికి వచ్చింది, ఇవి తెలియాలి. తీగల కింద నుంచి పడవ పోవాలంటే ముందు లైన్‌మన్‌తో మాట్లాడి సరఫరా ఆపించాలి కదా, ఫొటోలో తీగ కనపడితే మాకు సగం టెన్షన్ తీరుతుంది. విజయవాడ దగ్గర కొండపావులూరు నుంచి వచ్చే ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లకి మన రేవుల పేర్లు ఏం తెలుస్తాయి, వాళ్లకి లొకేషన్ అంకెలు కావాలి. మన పడవ సరంగుకి ఆ అంకెలతో పని లేదు, ఫలానా రేవు, ఫలానా వాళ్ల తోట అంటే కళ్లు మూసుకుని తీసుకెళ్తాడు. అందుకని ప్రతి ఫొటో కింద రెండూ రాయండి. ఎంతమంది ఉన్నారు, నడవలేని ముసలివాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా, పశువులు ఉన్నాయా, ఏ టైముకి తీశారు, ఇదంతా ఒక్క లైనులో పెట్టేయొచ్చు. పశువుల సంగతి తప్పకుండా రాయండి. పాడిగేదెని వదిలి పడవ ఎక్కమంటే మా వాళ్లు ఎక్కరు, పడవ ఊరికే తిరిగొస్తుంది. మేత సంగతి, గేదెల్ని మెరకకి తోలించే సంగతి పశుసంవర్ధక శాఖ వాళ్లతో కలిపి ముందే తేల్చుకుంటే మనుషులు కదులుతారు.

నీళ్లు తగ్గాక కూడా మీ పని అయిపోలేదండి. పంట పోయిన రైతుకి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి 33 శాతం, ఆపైన పంట పోయి ఉండాలి, వ్యవసాయ సహాయకులు ఈ-క్రాప్ (ఏ పొలంలో ఏ పంట ఉందో రాసిన ప్రభుత్వ లెక్క) పట్టుకుని పొలం పొలం తిరిగి రాయాలి. నారుమడి నాలుగైదు రోజులు నీళ్లలో ఉండి కుళ్లిపోయిందా, పైపైన తడిసి లేచిందా అన్నది వారం తర్వాత వచ్చి చూస్తే తేలదు. నీరు నిలిచి ఉండగా తేదీతో సహా తీసిన ఫొటో ఉంటే రైతు ఎవరి ముందూ బతిమాలుకోనక్కర్లేదు. మా దగ్గర కౌలు రైతులే ఎక్కువ, వాళ్ల చేతిలో వేరే సాక్ష్యం ఉండదు.

రాజోలు_డ్రోన్:

చాలా థాంక్స్ అండి అందరికీ. ఆర్డీవో ఆఫీసుకి వెళ్లి ఆ ప్లానింగ్ సెక్షన్ ఎవరు చూస్తారో కనుక్కుంటాను. రేవులన్నీ ఇప్పుడే తిరిగి ఒక్కో దానికి పేరు, లొకేషన్ రాసి పెట్టుకుంటా, నాతోపాటు డ్రోన్లు ఉన్న కుర్రాళ్లు రావులపాలెంలో, మలికిపురంలో ఉన్నారు, వాళ్లనీ కలుపుతా. ఇంకో సందేహం. హెలికాప్టర్లు వచ్చినప్పుడు మేము ఏం చేయాలి? రెండు జిల్లాల మధ్య ఉన్న లంకల సంగతి ఏంటి?

పాత_హెడ్‌వర్క్స్:

హెలికాప్టర్ తిరుగుతుంటే నీ డ్రోన్ గాల్లో ఉండకూడదు, అంతే. 400 అడుగుల లోపు గ్రీన్ జోన్‌లో (డ్రోన్ మ్యాపులో అనుమతి అక్కర్లేని ప్రాంతం) అనుమతి అక్కర్లేదని రూల్స్‌లో ఉంది కదా అని వరదలో ఎగరేయొద్దు. ఆహారం జారవిడిచేటప్పుడు నేవీ వాళ్లు బాగా కిందికి దిగుతారు, ఆ రెక్కకి నీ డ్రోన్ తగిలితే లోపలున్నవాళ్ల ప్రాణాలు పోతాయి. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌లో మీ అందరి నంబర్లు ఇచ్చి, ఎగరేసే ముందు చెప్పి, దింపాక మళ్లీ చెప్పండి. హెలికాప్టర్ బయల్దేరితే వాళ్లే మీకు ఫోన్ చేసేలా మాట్లాడుకోండి.

జిల్లాల సంగతికి కనకాయలంక చూడు. ఊరు పశ్చిమగోదావరి జిల్లా యలమంచిలి మండలంలోది, రాకపోకలు మాత్రం కోనసీమ వైపు చాకలిపాలెం మీదుగా. మొదటి హెచ్చరిక అటూ ఇటూ ఉండగానే ఆ కాజ్‌వే మునుగుతుంది. అప్పుడు మనుషుల లెక్క ఒక కలెక్టరేట్‌లో, పడవ వేయాల్సిన రేవు ఇంకో కలెక్టరేట్ కింద. అలాంటి చోట తీసింది ఒకే ఫైల్‌గా రెండు కంట్రోల్ రూములకీ ఒకేసారి వెళ్లాలి, పైన రాష్ట్ర విపత్తుల సంస్థ ఫోన్ నంబరు 1070కి కూడా చెప్పాలి. ఎవరు పడవ పంపారో రెండోవాళ్లకి తెలియాలి కాబట్టి పడవ కదిలాక ఆ మాట కూడా అదే లైను కింద రాయించు.

రాజోలు_డ్రోన్:

అలాగేనండి. యలమంచిలి, ఆచంట వైపు నుంచి ఇక్కడ ఎవరైనా ఉంటే రిప్లై పెట్టండి, ఆ ఒడ్డు రేవుల పేర్లు నాకు సరిగా తెలియవు. రెండు ఒడ్లవీ కలిపి ఒకే లిస్టు రాసి రెండు ఆఫీసుల్లోనూ ఇద్దాం.