చేపల ట్యాంకుకి రిటర్న్ పంపు ఏసీదా, డీసీదా? (నాన్నగారి నిద్ర కూడా లెక్కలోకి తీసుకుని చెప్పండి)

నాలుగడుగుల ట్యాంకు:
అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. హాల్లో 48 x 18 x 20 అంగుళాల మంచినీళ్ల చేపల ట్యాంకు, కింద క్యాబినెట్‌లో సంపు (పైనుంచి దిగే నీళ్లు చేరే చిన్న ట్యాంకు). ఏంజెల్స్, కొన్ని టెట్రాలు, ఎవరూ పిలవకుండానే వచ్చి స్థిరపడ్డ నత్తలు ఉన్నాయి. ఆ నీళ్లని తిరిగి పైకి పంపే రిటర్న్ పంపు నాలుగేళ్ల నాటి ఏసీది, ఈమధ్య గుయ్యిమని ఒకటే మోత. పగలు ఎవరం పట్టించుకోం కానీ నాన్నగారు హాల్లోనే దివాన్ మీద పడుకుంటారు, రోజూ పొద్దున్నే "ఆ పిండిమర ఎప్పుడు ఆపుతావురా" అని మొదలు. షాపులో 60 వాట్ల ఏసీ పంపు 2,500, 35 వాట్ల డీసీది 7,500 అన్నాడు. రెండూ గంటకు 3,000 లీటర్లవే. "కరెంటు బిల్లులోనే డబ్బులు తిరిగొచ్చేస్తాయి సార్" అంటున్నాడు. నిజమేనా?

ఉప్పునీళ్లు:
తిరిగొస్తాయి, కాకపోతే తీరిగ్గా వస్తాయి. 25 వాట్ల తేడా అంటే రోజంతా తిరిగితే నెలకు 18 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకున్నా 126. మీరు ఎక్కువ పెట్టే 5,000 రావడానికి మూడేళ్లు దాటుతుంది, అప్పటిదాకా దాని కంట్రోలర్ (స్పీడ్ మార్చే డబ్బా) బతికుండాలి కదా. నాది వైజాగ్, మెరైన్ ట్యాంకు, అంటే ఉప్పునీళ్లది. కంట్రోలర్‌ని సంపు పక్కనే పెట్టి తప్పు చేశా, ఉప్పు తేమకి పిన్నులకి పచ్చగా చిలుము పట్టి పద్నాలుగు నెలలకే పోయింది. మోటారు శుభ్రంగా ఉంది, కంట్రోలర్ మాత్రం విడిగా దొరకదట! ఆ రాత్రి అటక మీద పడేసిన పాత ఏసీ పంపే చేపల్ని కాపాడింది. అయినా మళ్లీ డీసీనే కొన్నాను, ఎందుకంటే స్పీడ్ తగ్గించుకోవచ్చు, మేత వేసేటప్పుడు బటన్ నొక్కితే పది నిమిషాలు ఆగి తనే మొదలవుతుంది, ఎండాకాలం నీళ్లకి దాని వేడి కూడా తక్కువ. ఈసారి కంట్రోలర్‌ని క్యాబినెట్ బయట గోడకి బిగించా.

పాత ప్లగ్గు:
కొనే సంగతి తర్వాత, ముందు ఆ పంపు ఎప్పుడైనా విప్పారా? ప్లగ్గు పీకి, ముందు మూత తీసి ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) బయటికి లాగండి, అయస్కాంతం కాబట్టి కాస్త బిగపడుతుంది. మధ్యలో తెల్లటి సిరామిక్ కడ్డీ ఉంటుంది, గట్టిదే కానీ పెళుసు, వంకరగా లాగితే టిక్కుమని విరుగుతుంది. బోరు నీళ్లయితే దాని మీద సున్నం పొర ఖాయం. వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గంటసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కడ్డీ చివర్ల రబ్బరు బుష్‌లు ఉన్నాయో లేదో చూసుకోండి, మోత సగం అక్కడే. పంపు నేరుగా గాజు మీద కూర్చుంటే కింద స్పాంజి ముక్క వెయ్యండి.

ఇంకోటి, ఆ 3,000 లీటర్లు నీళ్లు పైకి ఎక్కించకపోతే వచ్చే లెక్క. నాలుగున్నర అడుగుల ఎత్తు, రెండు ఎల్బోలు ఉంటే సగం వస్తే గొప్ప. మీ ట్యాంకు 280 లీటర్లు, ఆ సగం చాలు. అన్నిటికంటే ముఖ్యం, పంపు ఆపేసి, సంపు పొంగుతుందేమో చూస్తూ దాని దగ్గర నిలబడండి. కరెంటు పోతే పైనీళ్లు రిటర్న్ పైపులోంచే కిందికి దిగుతాయి, మీ సైజులో అంగుళం దిగితే 14 లీటర్లు. ఏసీ అయినా డీసీ అయినా ఇది తప్పదు. ఇన్వర్టర్ మీద పెడితే అది సైన్ వేవ్‌దేనా చూడండి, స్క్వేర్ వేవ్ మీద ఏసీ పంపు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది.

నాలుగడుగుల ట్యాంకు:
ఆదివారం విప్పాను. ఒక బుష్ లేనే లేదు, సున్నం సరే, ఇంపెల్లర్ రెక్కల మధ్య పెసరగింజంత నత్త! బుష్ వేరే పంపులోంచి తీసి వేశా, స్పాంజి పెట్టా, మోత దాదాపు పోయింది. పంపు ఆపి చూస్తే పైన రెండంగుళాలు దిగింది, అంటే 28 లీటర్లు, సంపు అంచుకి రెండు వేళ్ల దూరంలో ఆగింది. గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు కొత్త గొడవ. పంపు మోత పోయేసరికి ఓవర్‌ఫ్లో పైపులో నీళ్లు దిగే గుడగుడ వినిపిస్తోంది, నాన్నగారు "ఎవరో పుక్కిలిస్తున్నట్టుంది" అంటున్నారు. డీసీ కొంటే ఇది పోతుందా?

పాత ప్లగ్గు:
నీళ్ల స్పీడ్ తగ్గితే చాలావరకు పోవచ్చు. దానికి 7,500 ఇప్పుడే ఎందుకు, పంపు అవుట్‌లెట్ మీద బాల్ వాల్వ్ వేసి కొంచెం కొంచెం మూస్తూ వినండి. ఏసీ పంపుకి అవుట్‌లెట్ మూస్తే ఏం కాదు, ఇన్‌లెట్ మాత్రం ఎప్పుడూ మూయొద్దు. అలా గుడగుడ తగ్గితే అప్పుడు ఆలోచించుకోండి. ఓవర్‌ఫ్లో పైపు ఒక్కటే ఉంటే దాని మీద మాత్రం వాల్వ్ పెట్టకండి, ఇంకో నత్త అడ్డం పడిందంటే నీళ్లు మీ నాన్నగారి దివాన్ కిందికే వస్తాయి.

ఉప్పునీళ్లు:
రిటర్న్ పైపుకి నీటిమట్టానికి కాస్త కింద చిన్న చిల్లు పెట్టండి, మట్టం అక్కడిదాకా దిగగానే గాలి పీల్చి సైఫన్ (నీళ్లని కిందికి లాగే ధార) తెగిపోతుంది. ఆ రెండంగుళాలు అరంగుళం అవుతుంది. వారానికోసారి పుల్లతో గుచ్చి చిల్లు శుభ్రం చేసుకోండి. మీ నత్తల సంగతి తెలిసిందే కదా.