అప్‌డేట్: జ్వాలాపురం బూడిద పొర వయసు ఎలా తేల్చారంటే

పాత ఎముకలు, బొగ్గు వంటి వాటి వయసు లెక్కగట్టే కార్బన్-14 పద్ధతి సుమారు 50,000 ఏళ్లు దాటితే పనిచేయదు కదా, మరి నంద్యాల దగ్గరి జ్వాలాపురం బూడిదకు 74,000 ఏళ్లని ఎలా చెబుతారని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ఇప్పుడు అర్థమైంది. ఆ బూడిద సుమత్రాలోని టోబా అగ్నిపర్వతానిదట. ఆ పేలుడు కాలం ఆర్గాన్ పద్ధతిలో, అంటే అగ్నిపర్వత ఖనిజాల్లో పేరుకున్న ఆర్గాన్ వాయువును కొలిచి తేల్చారు. పొరకు పైనా కిందా ఉన్న మట్టికి మాత్రం ఓఎస్‌ఎల్ చేశారు. అంటే ఇసుక రేణువు చివరిసారి వెలుగు చూసి ఎన్నేళ్లయిందో కొలవడం. అందుకే శాంపిల్‌ను ఎండ తగలకుండా గొట్టంలో తీస్తారు.

మొన్న ఆదివారం వెళ్లి చూశాను. చేతిలోకి తీసుకుంటే ముగ్గుపిండిలా వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. పరిశోధకుల తవ్వకాల్లో ఆ పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంత పేలుడు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారన్నమాట! ఒళ్లు పులకరించింది. ఆ బూడిదను తవ్వుకుపోతుంటేనే బాధేస్తోంది.