సెమీస్‌కు ముందు ‘గెలుస్తాం’ అనొచ్చా, నోరు మూసుకుని కూర్చోవాలా?

సుబేదారి_గ్రౌండ్ | 12 మార్చి 2023, సాయంత్రం 5:40

రేపు రాత్రి ఏడున్నరకు కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి, ఏటీకే మోహన్ బగాన్‌కు ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ లీగ్ సెమీస్ రెండో మ్యాచ్. గురువారం గచ్చిబౌలిలో మొదటిది 0-0. అంటే రేపు గెలిచినవాళ్లు 18న ఫైనల్‌కు గోవా పోతారు, ఓడినవాళ్లు ఇంటికి.

ఒక గొడవ తేల్చి పెట్టండి. రూములో నలుగురం ఉంటాం. నిన్న అన్నం తింటూ మామూలుగా "సోమవారం గెలుస్తాం" అన్నా, అంతే, పప్పు వడ్డిస్తున్నవాడు గిన్నె కింద పెట్టి నా మీద పడ్డాడు. అనొద్దంట. ఓడిపోతామనే అనుకోవాలంట, అప్పుడు ఓడినా బాధ ఉండదంట, గెలిస్తే లాభమే కదా అంటాడు.

నేను ఒప్పుకోను. పోయినేడు మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ గుర్తుందా? 68వ నిమిషంలో వాళ్ల రాహుల్ గోల్ కొట్టాక కొంచెంసేపు ఓపిక పట్టి, ఇక అయిపోయిందిలే అని చెప్పులేసుకుని మెట్లు దిగి సందు చివర టీ కొట్టుకు పోయా. టీ సగం కూడా తాగలేదు, పైనుంచి ఒకటే అరుపులు. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా గోల్! గ్లాసు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చేసరికి రీప్లేలు కూడా అయిపోయాయి. ఆ తర్వాత ఫోన్‌లో వందసార్లు చూసి ఉంటా. లాభం లేదు, అది పడ్డప్పుడు నేను అక్కడ లేను. ముందే ఓడిపోయామనుకుంటే పోయేది అదే.

కాజీపేట_జంక్షన్ | 5:52

నువ్వు బయటికి పోయావు కాబట్టే గోల్ పడింది. రేపు కూడా 68వ నిమిషానికి కొట్టుకు పో తమ్ముడూ, టీ డబ్బులు నేనిస్తా.

ఎనుమాముల_మిర్చి | 6:15

నేను పప్పు గిన్నె అన్న వైపే. మా నాన్న ఈ సీజన్‌లో మార్కెట్‌కు మిర్చి తెస్తాడు, యార్డులో ఎవరు ఎదురుపడి "ఈసారి ఎంత పలుకుతదే" అన్నా "ఏదో, పెట్టుబడి వస్తే చాలు" అనే అంటాడు. లోపల లెక్క వేరే ఉంటుంది, ఇంట్లో ఏ అప్పు తీర్చాలో, ఎవరి పెళ్లికి ఎంత పెట్టాలో అన్నీ రాసుకునే ఉంటాడు, కానీ పాట అయ్యేదాకా బయటికి ఒక్క అంకె రాదు. దాన్ని ఆశ లేకపోవడం అనరు కదా?

నేను ఒకసారి అనుభవించా. 2021 ఫిబ్రవరి 28, లీగ్‌లో చివరి మ్యాచ్ గోవాతో, గెలిస్తే ప్లేఆఫ్స్, అంటే సెమీస్. వారం ముందు నుంచి హాస్టల్ అంతా చాటింపు వేశా. 0-0. ఐదో స్థానం. మ్యాచ్ పోయిన బాధ రెండు రోజుల్లో తగ్గింది, మెస్సులో "ఏమన్నా, ఫైనల్ ఎప్పుడన్నా" అని అడిగినవాళ్ల మొహాలు మాత్రం ఇప్పటికీ గుర్తే.

వేయిస్తంభాల_నీడ | 6:31

మీ నాన్న "పెట్టుబడి వస్తే చాలు" అంటాడు, "ఈసారి మునిగిపోతాం" అనడు. తేడా చూడండి. మన ఇళ్లలో చెడుమాట నోటి నుంచి రానివ్వరు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని. దిష్టి తగులుతుందని గెలుస్తాం అనొద్దంటే సరే, మరి "ఓడిపోతాం" అని పొద్దస్తమానం జపం చేస్తే ఆ దేవతలు ఊరుకుంటారా? నమ్మితే రెండూ నమ్మండి, లేకపోతే రెండూ వదిలేయండి.

వడ్డేపల్లి_కట్ట | 7:05

గురువారం నేనూ మా తమ్ముడూ గచ్చిబౌలి పోయొచ్చాం. హన్మకొండలో బస్సెక్కి ఉప్పల్, అక్కడి నుంచి రాయదుర్గం దాకా మెట్రో, తర్వాత ఆటో. పోయిన రెండు సీజన్లూ కరోనా వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు, మొదటి సీజన్‌లో మనం అట్టడుగున ఉన్నాం, అందుకే మన ఊళ్లో ప్లేఆఫ్ మ్యాచ్ జరగడం ఇదే మొదటిసారి. గోల్ లేదు, ఏం లేదు. ఎనభయ్యో నిమిషం దాటాక మా తమ్ముడు నా దుపట్టా కొస పట్టుకుని మెలిపెడుతూనే ఉన్నాడు, విజిల్ కొట్టేసరికి అది తాడులా అయింది. ఇంటికొచ్చేసరికి తెల్లవారుజామున మూడు. ఓడిపోతామనుకున్నవాళ్లెవరూ దాదాపు 150 కిలోమీటర్లు పోయి రారు అన్నా. మీ రూమ్మేట్‌కు ఆశ లేదని చెబితే నేను నమ్మను, ఉంది, దాచిపెట్టుకున్నాడు.

రైల్వే_రిటైర్డ్ | 7:48

మీరు ఇక్కడ ఏమనుకుంటే సాల్ట్‌లేక్‌లో ఎవరికి వినబడుతుంది బాబూ? ఈ ఊగులాట ఆటగాళ్లది కాదు, మనది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్, మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్. స్టేడియమంతా ఇండియాకు వ్యతిరేకంగా కేకలు, ఎదురుగా దక్షిణ కొరియా. 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. అప్పటికే ఆయనకు క్యాన్సర్, మరుసటి ఏడాది పోయారు. అంత గోల మధ్యలో ఆడి గెలిచారు. రేపు మీ నోటిమాటకు భయపడతారా?

కాజీపేట_జంక్షన్ | 7:55

బాబాయ్, మీరు ఇది చెప్పాక కూడా నా కడుపులో దేవుతూనే ఉంది.

బుధవారం_పరీక్ష | 8:20

నాకు బుధవారం నుంచి ఇంటర్ పరీక్షలు. అమ్మ రిమోట్ బ్యాటరీలు తీసి దాచింది. గెలుస్తారో ఓడతారో తర్వాత, ముందు బ్యాటరీలు ఎక్కడున్నాయో ఎవరైనా చెప్పండి.

ఫోర్ట్_రోడ్ | 8:44

అందరూ తిట్టండి. సికింద్రాబాద్ నుంచి గోవాకు రైలు టికెట్ తీసేసుకున్నా.

ఎనుమాముల_మిర్చి | 8:46

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. రేపు పోతే నీదే బాధ్యత.

ఫోర్ట్_రోడ్ | 8:53

పోతే క్యాన్సిల్ చేస్తా, వంద రూపాయలో రెండొందలో పోతాయి. నువ్వు నీ గుండె క్యాన్సిల్ చేసుకో.

సుబేదారి_గ్రౌండ్ | రాత్రి 11:02

ముంబై, బెంగళూరు సెమీస్ చూశారా? పెనాల్టీ షూటౌట్‌లో బెంగళూరు 9-8. లీగ్‌లో 46 పాయింట్లతో మొదటి స్థానంలో ఉన్న ముంబై ఇంటికి. మనం 42తో రెండో స్థానం, మూడోవాళ్లతో ఆడుతున్నాం. ఇరవై మ్యాచ్‌లు ఆడి తెచ్చుకున్నదంతా ఒక్క తన్నుతో పోతుందంటే, ఇది చూశాక పప్పు గిన్నెవాడు నా వైపు చూసి ఏమీ అనలేదు, తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. అనేస్తే బాగుండేది.

వేయిస్తంభాల_నీడ | 13 మార్చి, ఉదయం 9:30

లేవండి లేవండి. చంద్రబోస్ గారికి ఆస్కార్! చిట్యాల మండలం చల్లగరిగ నుంచి ఆ స్టేజీ దాకా. మా వీధిలో పొద్దున్నే పటాకులు. రాత్రికి కూడా దాచిపెట్టమన్నా.

ఎనుమాముల_మిర్చి | 9:41

అయ్యో. ఇవాళ్టి అదృష్టం పొద్దున్నే ఖర్చయిపోయింది.

వడ్డేపల్లి_కట్ట | 9:44

అదృష్టం ఏమన్నా రేషన్ బియ్యమా, కార్డుకు ఇంత అని ఇవ్వడానికి? మంచిరోజు మొదలైంది అనుకోవచ్చు కదా. మీకు ఆస్కార్ వచ్చినా భయమే.

బుధవారం_పరీక్ష | సాయంత్రం 6:50

బ్యాటరీలు పోపుల డబ్బాలో ఉన్నాయి. మెంతుల కింద.

కాజీపేట_జంక్షన్ | 7:22

@సుబేదారి, 68వ నిమిషం. మరిచిపోకు.

సుబేదారి_గ్రౌండ్ | రాత్రి 11:15

పోలేదు. కూర్చుని మొత్తం చూశా. తొంభై నిమిషాలు 0-0, ఎక్స్‌ట్రా టైమ్ కూడా అంతే. పెనాల్టీల్లో మన సివెరియో కొట్టింది వాళ్ల గోల్‌కీపర్ విశాల్ కైత్ ఆపేశాడు, మన ఓగ్బెచె కొట్టింది స్తంభానికి తగిలింది. పోయినేడు 18 గోల్స్ కొట్టిన ఓగ్బెచె. వాళ్లలో హామిల్ తప్పాడు, ఆ ఒక్క నిమిషం మళ్లీ బతికాం, తర్వాత ప్రీతమ్ కోటల్ కొట్టేశాడు. 4-3. పోయినేడు ఫైనల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి గెలిపిస్తే కేరళవాళ్ల బాధ మనకు పట్టలేదు కదా, అదే గుర్తొచ్చింది.

ఓడిపోతామనుకుంటే బాధ ఉండదన్నవాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. లైటు తీయమన్నాడు. పప్పు నేనే వేడి చేసి పక్కన పెట్టా, ఇంకా ముట్టుకోలేదు.

కాజీపేట_జంక్షన్ | 11:19

టీ కొట్టుకు పోయుంటే ఏం పోయేది రా నీకు.