రోమ్‌లో దుంప పిజ్జా, బేరిపండు పిజ్జా: శాకాహారులు ఏది చెప్పాలి?

ప్రశ్న: మెనూలో బంగాళాదుంప-రోజ్‌మేరీ, బేరిపండు-గోర్గొన్‌జోలా (నీలి బూజు చీజ్), మోర్టడెల్లా-పిస్తా ఉన్నాయి. మేం మాంసం తినం. ఏది మేలు? దుంప పచ్చిగా ఉండదా?

జవాబు 1: దుంపదే చెప్పండి. టమాటా సాస్ లేని తెల్ల పిజ్జా అది. దుంపను 2 మిల్లీమీటర్ల మందాన తరిగి, ఉప్పునీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, నూనె పట్టించి పరుస్తారు. రోమ్ పద్ధతిలో పెద్ద ట్రేలో నింపాదిగా కాలుతుంది కాబట్టి ఉడుకుతుంది, అంచులు కరకరలాడతాయి. అదే నాపోలీ (నేపుల్స్) పొయ్యిలో పిజ్జా ఉండేది 60-90 సెకన్లే. ముందే ఉడికించని దుంప అక్కడ పచ్చిదే!

జవాబు 2: మోర్టడెల్లా పందిమాంసం, వదిలేయండి. బేరిపండు, ఉప్పటి చీజ్ జోడీ అద్భుతం. మరీ మగ్గిన పండైతే నీరూరి నడిమధ్య మెత్తబడుతుంది. కానీ గోర్గొన్‌జోలా కోసం పాలను దూడ పొట్టలోని రెన్నెట్ అనే ఎంజైమ్‌తో విరగ్గొడతారు, మొజరెల్లా చీజ్‌లోనూ తరచూ అదే. పట్టింపుంటే దుంప పిజ్జానే 'సెన్‌జా మొజరెల్లా' (మొజరెల్లా లేకుండా) అని అడగండి.

జవాబు 3: ఇంకోటి, అక్కడ 'పెపెరోనీ' అంటే అమెరికాలోలా మాంసం కాదు, క్యాప్సికమ్, భయపడకండి. కారం సలామీ (మాంసం సాసేజ్) ఉండేది 'దియావోలా' పిజ్జాలో.