పాలమూరు పక్కగా దేశాన్ని కొలిచిన లాంబ్టన్ యుద్ధాల్లో ఏం చేశాడు?

పాలమూరు వాసి:
మా నాన్నగారు భూమి కొలతల శాఖలో ముప్పై ఏళ్లు గొలుసు లాగారు. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఎక్కడ గట్టు తగాదా వచ్చినా టిప్పన్‌ (పొలం కొలతల పటం)తో వెళ్లే సర్వేయరు వెంట ఆయనా ఉండేవారు. "ఎండ ఎక్కితే గొలుసు సాగుతుంది, పొద్దున్నే కొలవాలి" అనేవారు. నిన్న అట్లాసు తీస్తే 78 డిగ్రీల రేఖాంశం మా పట్టణాన్ని ఆనుకునే పోతోంది. దక్షిణం కొస నుంచి విలియం లాంబ్టన్ కొలుచుకుంటూ వచ్చింది ఈ రేఖ వెంటే. సిపాయి పని చేసే మనిషి ఇందులోకి ఎలా వచ్చాడు?

నల్లగొండ మాస్టారు:
ఆయనది బ్రిటిష్ సైన్యంలో 33వ పటాలం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటికే సైన్యంలో ఉన్నాడు. 1799లో శ్రీరంగపట్నం దగ్గర ఒక రాత్రి జనరల్ బెయిర్డ్ దళం దారి తప్పింది. లాంబ్టన్ నక్షత్రాలు చూసి, మనం ఉత్తరానికి, నేరుగా టిప్పు సేనల మీదికే పోతున్నామన్నాడు. బెయిర్డ్ మొదట నమ్మలేదు. దిక్సూచి చూశాక వెనుదిరిగారు. మే 4న కోట పడింది. గెలిచిన నేలను కొలవాలన్న ఆలోచన ఆ తర్వాతదే. శాస్త్రం గొప్పదే, కానీ ఆ పటానికి దారి వేసింది యుద్ధమేనని మా పిల్లలకు తప్పకుండా చెబుతాను.

సూర్యాపేట నుంచి:
ఎండకు గొలుసు సాగుతుందన్న మీ నాన్నగారి మాట అక్షరాలా నిజమండీ. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ కొలిచిన మొదటి గీత, అంటే మిగతా లెక్కలన్నిటికీ ఆధారమైనది, ఏడున్నర మైళ్లు. దానికి 57 రోజులు పట్టింది. వంద అడుగుల ఉక్కు గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, ఎండ తగలకుండా నీడ పట్టి, పక్కనే ఉష్ణమాపకాలు పెట్టి చూసుకున్నారు. కోణాలు కొలిచే థియోడొలైటు బరువు అర టన్ను. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి లాగుతుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. లాంబ్టన్ గుడారంలో కూర్చుని వారాల తరబడి స్వయంగా బాగుచేశాడు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది అక్కడే.

మన వైపు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లోకి 1819లో తన సహాయకుడు జార్జ్ ఎవరెస్టును పంపాడు. జ్వరంతో ఎవరెస్టు ప్రాణం మీదికి వచ్చింది. వెంట నడిచిన కూలీలదీ అదే జ్వరం కదా, నా మనసు వారి దగ్గరే ఆగుతుంది. లాంబ్టన్ పని మీద ఉండగానే 1823 జనవరిలో, ఇప్పటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు.

పాలమూరు వాసి:
మాస్టారూ, సూర్యాపేట అన్నగారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారి గొలుసు అటక మీద ఉంది, ఇత్తడి బిళ్లలు నల్లబడ్డాయి. రేపు తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి మా ప్రహరీ పక్కన పరిచి గుర్తు పెడతాను.