ల్యాబ్‌లో నిలకడగా ఉన్న ఎల్‌సీఎల్ ఇన్వర్టర్ పొలం లైన్‌పై ఎందుకు ట్రిప్ అవుతోంది?

ప్రశ్న (హనుమకొండ):
ఎల్‌సీఎల్ ఫిల్టర్ (ఇండక్టర్, కెపాసిటర్, ఇండక్టర్ కలిసిన వడపోత)తో మేము తయారు చేసిన 10 కిలోవాట్ల త్రీఫేజ్ సోలార్ ఇన్వర్టర్ ఇక్కడి ల్యాబ్‌లో నెల రోజులు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. దాన్నే పరకాల దగ్గర ఒక పొలంలో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపితే, చుట్టుపక్కల బోరు మోటార్లు నడుస్తున్నంతసేపూ బాగానే ఉండి, అవి ఆగిన కాసేపటికే ఫిల్టర్ ఇండక్టర్ ఈల వేసినట్టు మోగి, ఓవర్‌కరెంట్‌తో ట్రిప్ అవుతోంది. ఫిల్టర్‌లో ఇన్వర్టర్ వైపు 2 మిల్లీహెన్రీలు, గ్రిడ్ వైపు 1 మిల్లీహెన్రీ, మధ్యలో 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉన్నాయి. సాంప్లింగ్ (కంట్రోలర్ కరెంటును కొలిచే వేగం) 10 కిలోహెర్ట్జ్. కంట్రోల్‌కు గ్రిడ్ వైపు కరెంటునే తీసుకుంటున్నాము. డ్యాంపింగ్ (ఊగిసలాటను అణిచే ఏర్పాటు) ఏమీ లేదు. కంట్రోల్ లూపు గెయిన్ (తేడాకు స్పందించే తీవ్రత) సగానికి తగ్గించినా ఈల పోలేదు. లోపం ఎక్కడ ఉన్నట్టు?

జవాబు 1:
లోపం గెయిన్‌లో లేదండీ, లైన్ ఇండక్టెన్స్‌ను లెక్కలోకి తీసుకోకపోవడంలో ఉంది. మీ ఫిల్టర్ రెజొనెన్స్ (అది తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) సుమారు 1,950 హెర్ట్జ్. డిజిటల్ కంట్రోల్‌లో లెక్కకూ పీడబ్ల్యూఎంకూ (స్విచ్‌లను నడిపే పల్సుల తయారీకి) కలిపి ఒకటిన్నర సాంపిళ్ల ఆలస్యం, మీ విషయంలో 150 మైక్రోసెకన్లు, ఉంటుంది కాబట్టి సాంప్లింగ్‌లో ఆరో వంతు దగ్గర, అంటే 1,667 హెర్ట్జ్ వద్ద, ఆ ఆలస్యమే ఫేజ్‌ను 90 డిగ్రీలు వెనక్కి లాగుతుంది. గ్రిడ్ కరెంటుతో నడిచే లూపు డ్యాంపింగ్ లేకుండా నిలబడాలంటే రెజొనెన్స్ ఈ హద్దుకు పైన ఉండాలి. ల్యాబ్‌లో ఉంది. 4.5 శాతం ఇంపెడెన్స్ గల 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే దాదాపు 0.85 మిల్లీహెన్రీ చేర్చి దాన్ని 1,620కి దించేస్తుంది. తీగ పొడవు అదనం. మోటార్లు తిరుగుతున్నప్పుడు వాటి లీకేజ్ ఇండక్టెన్స్ గ్రిడ్‌కు సమాంతరంగా చేరి, మొత్తం ఇండక్టెన్స్‌ను తగ్గించి, రెజొనెన్స్‌ను పైకి నెడుతుంది, వాటి నష్టాలు కొంత డ్యాంపింగ్ ఇస్తాయి. మీరు రాసినదాంట్లో అసలు ఆనవాలు ఆ మోటార్లే.

జవాబు 2:
పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. నిర్ధారణ కోసం ముందు ప్రతి కెపాసిటర్‌కూ సిరీస్‌లో 3 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి చూడండి. కెపాసిటర్ కరెంటుతో యాక్టివ్ డ్యాంపింగ్ (రెసిస్టర్ బదులు కంట్రోల్‌తోనే అణచడం) మాత్రం ఈ సాంప్లింగ్‌తో వద్దు. అదే హద్దు దాటిన చోట అది రుణాత్మక రెసిస్టెన్స్‌గా (ఊగిసలాటను అణచే బదులు పెంచేదిగా) మారి, ల్యాబ్‌లో బాగున్నదాన్ని కూడా చెడగొట్టవచ్చు. క్యారియర్‌ను (స్విచింగ్ వేగాన్ని నిర్ణయించే తరంగాన్ని) 10 కిలోహెర్ట్జ్‌లోనే ఉంచి, ఒక్కో సైకిల్‌కు రెండుసార్లు సాంపిల్ తీసుకుంటే హద్దు 3,333కి పోతుంది. అప్పుడు ఇన్వర్టర్ వైపు కరెంటును ఫీడ్‌బ్యాక్‌గా తీసుకోండి. రెజొనెన్స్ హద్దుకు దిగువన ఉన్నంతకాలం ఆ పద్ధతిలో డ్యాంపింగ్ దానంతటదే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
రెసిస్టర్లు పెట్టాము. నిన్న మోటార్లన్నీ ఆపించి రెండు గంటలు చూసినా ఈల రాలేదు, ట్రిప్ కాలేదు. అయితే స్విచింగ్ రిపుల్ (స్విచింగ్ వల్ల కరెంటులో వచ్చే అలలు) వల్ల రెసిస్టర్లు చెయ్యి పెట్టలేనంతగా కాగుతున్నాయి కనుక, ఈ వారం సెన్సర్లను ఇన్వర్టర్ వైపుకు మార్చి, సాంప్లింగ్‌ను రెట్టింపు చేస్తున్నాము.